కటింగ్ బాగానే ఉంది, మరి అంచున ఆ తెల్ల గీత ఎక్కడిది?

సంక్రాంతి రోజుల్లో భీమవరం నుంచి నరసాపురం వైపు బయల్దేరితే దారి పొడవునా ఫ్లెక్సీలే. శుభాకాంక్షలు చెబుతున్నవాళ్ల తలల చుట్టూ ఒకసారి పరికించి చూడండి. జుట్టు అంచున సన్నగా తెల్ల గీత ఉంటుంది. కొన్నిట్లో అది నీలంగా, కొన్నిట్లో నల్లగా ఉంటుంది. డిజైన్ చేసిన కుర్రాడు అశ్రద్ధ చేశాడని కాదు. పెన్ టూల్ పట్టుకుని గంటసేపు కత్తిరించినా ఆ గీత రావచ్చు, ఏఐ టూల్‌తో ఒక్క క్లిక్కులో బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా రావచ్చు. ఎడిటింగ్ చేసేటప్పుడు స్క్రీన్ మీద అది ఒకే ఒక్క పిక్సెల్ (చుక్క), కంటికి ఆనదు. అదే ఫోటోను పది రెట్లు పెద్దది చేసి 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కల) ఫ్లెక్సీ మీద వేస్తే మూడున్నర మిల్లీమీటర్ల పట్టీ అయి కూర్చుంటుంది.

ఫెదర్ పెట్టి దాన్ని మసక చేయడం, ఒక పిక్సెల్ లోపలికి కత్తిరించడం అందరూ చేసేదే. రెండూ పైపూతలే. అసలు సమస్య ఎక్కడుందో తెలియాలంటే ఏ చుక్క ఎంత పారదర్శకమో దాచే ఆల్ఫా ఛానెల్ మనకు ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూడాలి. ఆల్ఫా సరిగ్గా వచ్చిందంటే సగం పని అయినట్టే, కానీ సగమే. మిగతా సగం అంచు పిక్సెళ్ల రంగులో ఉంది. మన దగ్గర కటింగ్ నేర్పేవాళ్లలో ఎక్కువమంది ఆ రెండో సగం జోలికే పోరు.

నాలుగో అంకె

స్క్రీన్ మీద ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. ఆల్ఫా నాలుగోది. అది 255 అయితే ఆ చుక్క మొత్తం మన బొమ్మదే. 0 అయితే అక్కడ మన బొమ్మ లేనట్టే, వెనకున్నది కనిపిస్తుంది. మధ్యలో ఉంటే ఇద్దరికీ వాటా ఉంది. లెక్కల్లో 255ను ఒకటి అనుకుంటే, సుమారు 128 అర అవుతుంది. బొమ్మ రంగును ఆల్ఫాతో గుణించి, వెనక రంగును ఒకటిలోంచి ఆల్ఫా పోగా మిగిలినదాంతో గుణించి, రెండూ కలిపితే కంటికి కనిపించే రంగు వస్తుంది. ఇంతకుమించి ఇందులో గణితం లేదు.

1977-78 ప్రాంతంలో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ ఈ పద్ధతి కనిపెట్టారు. అంతకుముందు బ్యాక్‌గ్రౌండ్ మారినప్పుడల్లా బొమ్మ అంచుల్ని కంప్యూటర్ మళ్లీ మొదట్నుంచి లెక్కకట్టాల్సి వచ్చేది. ఆ నాలుగో అంకెను రంగులతో పాటే దాచిపెడితే బొమ్మను తర్వాత ఎక్కడైనా పెట్టుకోవచ్చని వాళ్లకు తట్టింది. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ దీని లెక్కలన్నీ ఒక చోట కూర్చి పెట్టారు. ఇవాళ ఫోన్లో స్టిక్కర్లు చేసే యాప్ దగ్గర్నుంచి ఫోటోషాప్ దాకా నడుస్తున్నది ఆ లెక్కల మీదే.

పోర్టర్, డఫ్ చూసిన చూపు మనకు ముఖ్యం. ఆ చుక్క వైశాల్యంలో ఎంత మేర బొమ్మ కప్పింది అన్నదే వాళ్ల దృష్టిలో ఆల్ఫా. జుట్టు కొస ఒక చుక్కలో సగాన్ని కప్పితే అర. గాలికి ఊగి ఫోటోలో చెదిరిన ఆకు, సాంబ్రాణి పొగ, పల్చటి ఓణీ, ఇవన్నీ కూడా మధ్య అంకెలే. ఏ కారణంతో అర వచ్చిందో ఆ అంకెను చూసి చెప్పలేం.

నరసాపురం లేసు మీద లెక్క

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లే లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మాలంటే వాటికి బ్యాక్‌గ్రౌండ్ లేని ఫోటోలు కావాలి. నాకు తెలిసి ఇంతకంటే కష్టమైన కటింగ్ పని లేదు. ఒక దారం, ఒక కన్నం, మళ్లీ దారం, మళ్లీ కన్నం, పైగా దారం నిండా నూగు. ఎక్కడ చూసినా అంచులే. లేసు మీద లెక్క అర్థమైతే జుట్టు, గడ్డం, కొబ్బరాకు అన్నీ తేలికైపోతాయి.

మీగడ రంగు దారం తీసుకుందాం. ఎరుపు 250, ఆకుపచ్చ 240, నీలం 220. దాన్ని నీలం గుడ్డ మీద పరిచి ఫోటో తీశాం. గుడ్డ రంగు 0, 90, 160. దారం అంచు సరిగ్గా ఒక చుక్క మధ్యలోంచి పోయిందనుకోండి. కెమెరా ఆ చుక్కలో సగం దారాన్నీ సగం గుడ్డనూ కలిపేసి ఒకే రంగుగా రాస్తుంది: 125, 165, 190. మాసిన నీలం. ఆ రంగు దారానిదీ కాదు, గుడ్డదీ కాదు.

ఎంతో ఓపిగ్గా మాస్క్ చేసి (ఏ చుక్క ఎంత కనిపించాలో నలుపు తెలుపుల్లో గీసి) ఆ చుక్కకు ఆల్ఫా సరిగ్గా అర ఇచ్చాం. అందులో తప్పేం లేదు. ఇప్పుడు ఆ లేసును ముదురు ఎరుపు మీద, అంటే 128, 0, 0 మీద పెడదాం. రావాల్సింది దారంలో సగం, ఎరుపులో సగం, అంటే 189, 120, 110. వచ్చేది మాత్రం 126, 82, 95. దారం వెలుగు తగ్గిపోయింది, నీలం గుడ్డ ఇంకా పావు వాటాతో అందులోనే ఉండిపోయింది. ఇలాంటి చుక్కలు అంచు పొడవునా వరసగా ఉంటే దాన్నే మనం గీత అంటున్నాం. తెల్ల గోడ ముందు దిగిన పాస్‌పోర్ట్ ఫోటో అయితే తెల్ల గీత, స్టూడియో నీలం తెర ముందైతే నీలం గీత.

కలిసిపోయిన రంగును ఏ కత్తెరా కత్తిరించలేదు. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస కావాలిక్కడ. గుడ్డ రంగు, ఆల్ఫా తెలిస్తే ఆ పని మామూలు లెక్కతో అయిపోతుంది. చుక్క రంగులోంచి గుడ్డ వాటా తీసేసి, మిగిలినదాన్ని ఆల్ఫాతో భాగించాలి. ఆకుపచ్చ 165లో గుడ్డ వాటా 45 తీస్తే 120, అరతో భాగిస్తే 240. నీలం 190లో 80 తీస్తే 110, అరతో భాగిస్తే 220. దారం అసలు రంగు మళ్లీ చేతికొచ్చింది.

ఫోటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో ‘కలర్ టు ఆల్ఫా’ చేసేది సరిగ్గా ఇలాంటి పనే. మనం చూపించిన ఒక రంగును ప్రతి చుక్కలోంచీ విడదీసి, ఆ మేరకు ఆల్ఫా తగ్గిస్తుంది. ఫోటోషాప్‌లో సెలెక్ట్ అండ్ మాస్క్ కిటికీ అడుగున ‘డీకంటామినేట్ కలర్స్’ అని ఒక టిక్కు ఉంటుంది. అది వేరే దారిలో వెళ్తుంది. అంచు చుక్కల్లో పాత రంగును తీసేసి, పక్కనే నిండుగా ఉన్న బొమ్మ రంగును నింపుతుంది. చుక్కల రంగులే మారిపోతాయి కాబట్టి ఫలితాన్ని కొత్త లేయర్‌గా ఇస్తుంది. జుట్టుకు ఆ టిక్కు పెట్టి చూడండి, ఫెదర్ అవసరమే పడదు.

అయితే పైన ఆల్ఫా అర అని మనకు ముందే తెలుసని అనుకుని లెక్క వేశాం. నిజానికి తెలియదు. ఒక చుక్క ఇచ్చేవి మూడు అంకెలు. తేలాల్సినవి దారం రంగువి మూడు, ఆల్ఫా ఒకటి, మొత్తం నాలుగు. మూడు సమీకరణాలతో నాలుగు తెలియని రాశులు తేలవు. కాబట్టి ఒక్క ఫోటో ఇచ్చి ఆల్ఫా చెప్పమంటే ఏ సాఫ్ట్‌వేరైనా ఊహించాల్సిందే. ఏఐ బాగా ఊహిస్తుంది, అంతే తేడా. లేసు లాంటి వాటి దగ్గర ఆ ఊహ తడబడి చిన్న కన్నాల్ని పూడ్చేస్తుంది.

అదే వస్తువును రెండు వేర్వేరు బ్యాక్‌గ్రౌండ్ల మీద ఫోటో తీస్తే ఊహతో పనే లేదని 1996లో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ చూపించారు. ఇది మన ఊళ్లో ఏ ఫోటో స్టూడియోలోనైనా చేసుకోగలిగిన పని. లేసును గాజు పలక మీద పరవండి. పలకకు నాలుగు మూలలా ఇటుకలు పేర్చి జానెడు పైకి ఎత్తండి, లేకపోతే లేసు నీడ గుడ్డ మీద పడి లెక్క చెడుతుంది. కెమెరాను స్టాండుకు బిగించి ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. పలక కింద నల్ల గుడ్డ పెట్టి ఒక ఫోటో, దాన్ని లాగేసి తెల్లది పెట్టి ఇంకో ఫోటో. లేసును మాత్రం వేలితో కూడా కదపకూడదు.

ఆ రెండిటినీ ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి పైదానికి ‘డిఫరెన్స్’ మోడ్ ఇవ్వండి. దారం నిండుగా ఉన్న చోట రెండు ఫోటోల్లోనూ ఒకే రంగు, తేడా సున్నా, కాబట్టి నలుపు. కన్నం ఉన్న చోట ఒకదాంట్లో తెలుపు, ఇంకోదాంట్లో నలుపు, కాబట్టి తేడా పూర్తిగా తెలుపు. నూగు ఉన్న చోట ఎంత కప్పితే అంత బూడిద రంగు. ఆ బొమ్మను ఇన్వర్ట్ చేస్తే, అంటే నలుపు తెలుపుల్ని తారుమారు చేస్తే, అదే ఆల్ఫా, ఒక్కో పోగుతో సహా. దాన్ని నల్ల గుడ్డ ఫోటోకు మాస్క్‌గా వేసి, అప్లై చేసి, ఫోటోషాప్ లేయర్ మెనూలో మ్యాటింగ్ కింద ‘రిమూవ్ బ్లాక్ మ్యాట్’ నొక్కితే రంగు కూడా శుభ్రమవుతుంది. గుడ్డ నలుపు నిజంగా సున్నా కాదు, కెమెరా రాసే అంకెలు వెలుతురుకు నేరుగా సరిపోవు, కాబట్టి లెవెల్స్‌తో (నలుపు తెలుపుల హద్దులు మార్చే సాధనం) కాస్త సర్దాలి. ఆ మాత్రం సర్దుబాటుతో వచ్చే లేసు ఏ రంగు మీద పెట్టినా దారంలా కనిపిస్తుంది, కత్తిరించిన కాగితంలా కాదు.

నల్ల గుడ్డ ఫోటోనే ఎందుకు వాడామంటే, నలుపు తన వాటాగా ఏమీ కలపదు. అందులో ప్రతి చుక్కలోనూ ఉన్నది దారం రంగును ఆల్ఫాతో గుణించిన విలువే. రంగును ఇలా ముందే గుణించి దాచే పద్ధతిని ప్రీమల్టిప్లైడ్ అంటారు, గుణించకుండా దాచేది స్ట్రెయిట్. పీఎన్‌జీ స్ట్రెయిట్. సినిమా గ్రాఫిక్స్‌లో వాడే ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ ప్రీమల్టిప్లైడ్. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లను ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) అడిగే ప్రశ్న ఇదే, చాలామంది ఏదో ఒకటి నొక్కేస్తారు. ప్రీమల్టిప్లైడ్ ఫైల్‌ను స్ట్రెయిట్ అని చెబితే రంగు రెండోసారి గుణించబడి పేర్ల చుట్టూ నల్లటి అంచు వస్తుంది. స్ట్రెయిట్‌ను ప్రీమల్టిప్లైడ్ అని చెబితే అంచు మెరిసిపోతూ గరుకుగా కనిపిస్తుంది. అంచు రంగు చూసి ఏ తప్పు జరిగిందో చెప్పేయొచ్చు.

ఫోటోషాప్‌లో మూడు చోట్ల

కొత్తగా నేర్చుకునేవాళ్లను అన్నిటికంటే తికమక పెట్టేది ఇది. ఒక లేయర్‌లో గళ్లు గళ్లుగా కనిపించే ఖాళీ ఆ లేయర్ సొంత ఆల్ఫా. దాని పక్కన తగిలించిన నలుపు తెలుపు బొమ్మ లేయర్ మాస్క్, ఇది ఆ ఆల్ఫాను గుణిస్తుంది, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఛానెల్స్ ప్యానెల్‌లో ఆల్ఫా 1 అని కనిపించేది ఈ రెండూ కాదు. అది దాచిపెట్టిన సెలక్షన్, అంతే. తెలుపు ఉన్న చోట సెలక్ట్ అయినట్టు, నలుపు ఉన్న చోట కానట్టు, బూడిద రంగు ఉన్న చోట పాక్షికంగా. దాన్ని ఎంత మార్చినా బొమ్మ పారదర్శకం కాదు. కంట్రోల్ పట్టుకుని దాని మీద క్లిక్ చేసి, వచ్చిన సెలక్షన్‌తో మాస్క్ వేస్తేనే పని జరుగుతుంది. ఆల్ఫా 1 చేసి నేరుగా పీఎన్‌జీగా సేవ్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు పోలేదని అడిగేవాళ్లకు సమాధానం ఇదే.

జింప్‌లో ఈ గొడవ తక్కువ, వేరే గొడవ ఉంది. జేపెగ్ తెరిస్తే ఆ లేయర్‌కు ఆల్ఫానే ఉండదు. ఇరేజర్ పెడితే బ్యాక్‌గ్రౌండ్ రంగు పూసుకుంటూ పోతుంది. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద ‘యాడ్ ఆల్ఫా ఛానెల్’ నొక్కాకే అది నిజంగా చెరుపుతుంది.

దాచిన సెలక్షన్ ఎంత ఉపయోగమో కోనసీమ ఫోటోతో తెలుస్తుంది. అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద కొబ్బరిచెట్లు, వెనక ఆకాశం. ఆకాశం మార్చాలి. ఆకుల్ని ఒక్కొక్కటిగా కత్తిరిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఛానెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూడండి. ఆకుపచ్చలో ఎండ పడిన ఆకూ వెలుగే, ఆకాశమూ వెలుగే, విడదీయలేం. నీలంలో ఆకాశం వెలుగుతుంది, ఆకు నల్లగా ఉంటుంది. ఆ నీలం ఛానెల్‌కు కాపీ తీయండి, అదే ఆల్ఫా అవుతుంది. లెవెల్స్‌తో నలుపు తెలుపుల మధ్య దూరం పెంచండి. మొత్తం నలుపు, మొత్తం తెలుపు అయ్యేదాకా మాత్రం లాగొద్దు. ఆ మిగిలిన బూడిద రంగే ఆకు కొసలు. అది పోతే చెట్టు రంపంతో కోసినట్టు ఉంటుంది. ఆ తర్వాత కూడా ఆకుల అంచుల్లో పాత ఆకాశం తెలుపు మిగిలే ఉంటుంది. సాయంత్రపు నారింజ ఆకాశం పెడితే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ డీకంటామినేట్ చేయాలి, లేదా ఆకు రంగుతో అంచుల మీద పూయాలి.

ఇంకో గీత కూడా ఉంది, దాని కారణం వేరు. ఒకే ఫోటోను ఒకే సెలక్షన్‌తో రెండు ముక్కలు చేసి, రెండు లేయర్లుగా మళ్లీ అదే చోట పెడితే మధ్యలో వెంట్రుక మందం గీత వస్తుంది. కోసిన చోట ప్రతి చుక్కా ఈ ముక్కలో అర, ఆ ముక్కలో అర. అర, అర కలిస్తే ఒకటి కావాలి కదా. ఆల్ఫా లెక్కలో కాదు. పై ముక్క సగం కప్పింది, మిగిలిన సగంలో కింది ముక్క సగమే కప్పుతుంది. మొత్తం ముప్పావు. పావు వంతు వెనకున్నది తొంగిచూస్తుంది. కింది ముక్కను రెండు మూడు పిక్సెళ్లు ఎక్కువ ఉంచి కోయడమే దీనికి మందు.

కనిపించనిది ఉండదని కాదు

ఆల్ఫా 0 అయిన చుక్కకు కూడా లోపల మూడు రంగు అంకెలు ఉంటాయి. స్ట్రెయిట్ పద్ధతిలో అవి ఏవైనా కావచ్చు. కటింగ్ చక్కగా ఉన్న పీఎన్‌జీని చిన్నది చేసినప్పుడు కొత్తగా తెల్ల అంచు పుట్టిందంటే, ఆ సాఫ్ట్‌వేర్ పక్క చుక్కల సగటు తీసేటప్పుడు దాగున్న తెలుపును కూడా కలిపేసిందన్నమాట. ముందు ప్రీమల్టిప్లై చేసి, తర్వాత సైజు మారిస్తే ఈ బాధ ఉండదు, ఎందుకంటే కనిపించని చుక్క విలువ అక్కడ సున్నా అయిపోతుంది.

దీన్ని ఇంకా గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, జింప్‌లో ఇరేజర్‌తో చెరిపిన చోట అసలు రంగులు అలాగే ఉండిపోవచ్చు. ‘యాంటీ ఇరేజ్’ పెట్టి రుద్దితే తిరిగొస్తాయి. పారదర్శక చుక్కల రంగుల్ని కూడా దాచమనే టిక్కు ఉంచి పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ ఫైల్ తెరిచిన ఎవరికైనా దొరుకుతాయి. ఆధార్ కార్డు స్కాన్‌లో నంబరు దాచాలంటే ఇరేజర్ వాడకండి. నిండు నల్ల రంగు పూసి, ఫ్లాటెన్ చేసి (లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి), జేపెగ్‌గా పంపండి.

ఫార్మాట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జేపెగ్‌కు ఆల్ఫా లేదు. జిఫ్‌లో చుక్క ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, మధ్య లేదు కాబట్టి అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. పీఎన్‌జీ, వెబ్‌పీ, టిఫ్‌లలో పూర్తి ఆల్ఫా ఉంటుంది. ఫైల్ పేరు చివర జేపీజీ తీసి పీఎన్‌జీ అని మార్చినంత మాత్రాన ఆల్ఫా పుట్టదు. గళ్లు కూడా బొమ్మలో భాగంగానే ముద్రపడి ఉన్న పీఎన్‌జీలు నెట్‌లో కోకొల్లలు. కింద ఒక రంగు లేయర్ పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది. వాట్సాప్‌లో పీఎన్‌జీని ఫోటోగా పంపితే జేపెగ్ అయి ఆల్ఫా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. ఫ్లెక్సీ షాపుకు లోగో పంపే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే డిజైనర్లకు రోజుకు ఎంతో పని తప్పుతుంది.

ప్రింటింగ్‌కు వెళ్లేసరికి మెషీన్‌కు ఆల్ఫా అంటే ఏమీ తెలియదు. ఇంకు పడుతుంది లేదా పడదు. మామూలు ఫ్లెక్సీ తెల్లగానే ఉంటుంది కాబట్టి పారదర్శకత అంతా ముందే తెలుపు మీద కలిసిపోతుంది. పారదర్శక స్టిక్కర్ మీద వైట్ ఇంక్ వేయించాలంటే మాత్రం ఇంకో ఛానెల్ కావాలి. అది స్పాట్ ఛానెల్. ప్యానెల్‌లో ఆల్ఫా 1 పక్కనే, చూడ్డానికి అలాగే కనిపిస్తుంది. కానీ అది సెలక్షన్ కాదు, ఇంకు ఎక్కడ పడాలో మెషీన్‌కు ఇచ్చే ఆదేశం. దానికి ఏ పేరు పెట్టాలో షాపువాళ్లను ముందే అడగండి, ప్రింట్ సాఫ్ట్‌వేర్ ఆ పేరునే వెతుకుతుంది. మీరు దాచుకున్న పాత సెలక్షన్లు టిఫ్‌లో అలాగే వెళ్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని పట్టించుకోవు, కొన్ని పారదర్శకత అనుకుని బొమ్మను కోసేస్తాయి. ఫైల్ పంపే ముందు ఛానెల్స్ ప్యానెల్ తెరిచి, అక్కర్లేని ఆల్ఫాలన్నీ డిలీట్ చేసి పంపండి.